సిగార్‌కి ముందు పదును, తర్వాతే నిప్పు

ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో బేలు విప్పి ఆకు పట్టి చూసే రైతుకి ఒకరు చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. ఆకు ఎంత మంచిదైనా పదును, అంటే ఆకులో ఉండాల్సిన తేమ, తప్పితే ధర రాదు. తేమ తక్కువైతే చేతిలోనే పొడిపొడి అవుతుంది, ఎక్కువైతే బేలులో వేడెక్కి నల్లబడి బూజు పడుతుంది. సిగార్‌ది కూడా సరిగ్గా ఇదే కథ. క్యూబాలోనో, డొమినికన్ రిపబ్లిక్‌లోనో, నికరాగువాలోనో చేత్తో చుట్టిన మంచి సిగార్ మన ఇంటికొచ్చాక చేదుగా, మంటగా, వంకరగా కాలిందంటే చాలాసార్లు తప్పు చుట్టినవాడిది కాదు, మనం దాచిన చోటుది. అందుకే ఈ వివరాల్లో సగం దాచడం గురించే ఉంటాయి. కాల్చడం దాని తర్వాత తేలికే.

ముందు ఒక్క మాట సూటిగా చెప్పాలి. సిగార్ పొగని గుండెల్లోకి పీల్చకపోయినా నోటికి, గొంతుకి, అన్నవాహికకి క్యాన్సర్ ముప్పు ఉంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉండొచ్చు. పొగ అలవాటు లేనివాళ్ళు దీనికోసం మొదలుపెట్టాల్సిన పని లేదు. గర్భిణులు, పిల్లలు ఉన్న చోట, ఏసీ వేసి మూసిన గదిలో అసలు ముట్టించకూడదు. ఎప్పుడో ఒకసారి, తీరిగ్గా, బాగా కాల్చాలనుకునే పెద్దవాళ్ళ కోసమే ఇది.

వర్జీనియా ఆకుతో ఎందుకు కుదరదు

మన దగ్గర అందరికీ వచ్చే మొదటి సందేహం ఇది. ఇంటి చుట్టూ ఇంత పొగాకు ఉంటే బయటి సిగార్ ఎందుకు? మన చేలల్లో ఎక్కువగా పండేది వర్జీనియా. దాన్ని కోసి బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే వేడి గదిలో, కట్టి, కొన్ని రోజుల పాటు వేడి మెల్లగా పెంచుతూ, చివర్లో 70 డిగ్రీల దాకా తీసుకెళ్ళి ఆరబెడతారు. ఆ వేడికి ఆకులోని చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. అందుకే అది పసుపుపచ్చగా, తియ్యని వాసనతో ఉంటుంది. సిగరెట్‌కి కావలసింది అదే. లావుగా చుట్టి కాలిస్తే మాత్రం పొగ పుల్లగా, నాలుకని కొరికేలా ఉంటుంది.

సిగార్ ఆకుకి నిప్పుతో పని లేదు. గాలి ఆడే పాకల్లో వారాల తరబడి వేలాడదీస్తారు. తర్వాత పెద్ద కుప్పలుగా పేర్చి పులియబెడతారు. కుప్ప దానంతట అదే వేడెక్కుతుంది, వేడి మితిమీరకముందే విప్పి, తిరగేసి మళ్ళీ పేరుస్తారు. ఈ పులియడంలో చక్కెర, ఘాటు పోతాయి, అమ్మోనియా వెళ్ళిపోతుంది. కొత్త సిగార్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పేడదిబ్బ లాంటి ఘాటు కొడితే ఆ అమ్మోనియా ఇంకా పోలేదని అర్థం. అలాంటిదాన్ని కొన్ని నెలలు పక్కన పెట్టాలి. పొగ స్వభావంలో కూడా తేడా ఉంది. సిగార్ పొగ క్షారం వైపు ఉంటుంది, అందుకే నికోటిన్ నోటి పొరల నుంచే ఎక్కుతుంది. సిగరెట్‌లాగా లోపలికి లాగాల్సిన అవసరం లేకపోవడానికి కారణం ఇదే. నాటు చుట్ట కాల్చే పెద్దాయనలకి ఈ సంగతి అనుభవంతోనే తెలుసు, వాళ్ళు పొగని నోట్లోనే తిప్పి వదులుతారు.

సిగార్‌లో మూడు భాగాలు. మధ్యలో మూడు నాలుగు రకాల పొడవాటి ఆకులు కలిపి పెట్టిన కూరుడు, దాన్ని పట్టి ఉంచే బిగింపు ఆకు, అన్నిటి పైనా నునుపైన పై ఆకు. కూరుడులో మొక్క పైభాగం నుంచి కోసిన ముదురు ఆకుని లిహేరో అంటారు. ఘాటు దానిదే, కాలడం కూడా నెమ్మదే. అందుకే దాన్ని సరిగ్గా నడుమ పెట్టి చుట్టాలి. అది ఒక పక్కకి జరిగితే సిగార్ ఆ పక్కన కాలక, రెండో పక్కన పరుగెత్తుతుంది. నోట్లో పెట్టుకునే కొసన పై ఆకు విడిపోకుండా చిన్న గుండ్రటి ఆకుముక్క అతికించి ఉంటుంది. దాన్ని టోపీ అనుకుందాం. కోసేటప్పుడు దీని సంగతి మళ్ళీ వస్తుంది.

కొనేటప్పుడు

లావుని అంగుళంలో 64వ వంతుల లెక్కన చెబుతారు. 50 అంటే అంగుళంలో 64కి 50 భాగాల మందం. మొదటిసారికి పెటీ కొరోనా మంచిది: 42 మందం, 129 మిల్లీమీటర్ల పొడవు, అరగంట పైచిలుకు కాలుతుంది. రొబుస్తో 50 మందం, 124 మిల్లీమీటర్లు, ముప్పావు గంట నుంచి గంట. చర్చిల్ అనే పొడుగుది 47 మందం, 178 మిల్లీమీటర్లు. దాని ముందు కూర్చోవాలంటే గంటన్నర తీరిక ఉండాలి. తీరిక లేని రోజు పొడుగుది ముట్టించి గబగబా లాగితే డబ్బు, రుచి రెండూ పోతాయి.

రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కొస నుంచి కొస దాకా మెల్లగా నొక్కి చూడండి. కొద్దిగా లోపలికి వెళ్ళి తిరిగి పైకి రావాలి. మధ్యలో గట్టి ముడి తగిలితే పొగ రాదు. ఒక చోట మెత్తగా గుంట పడితే అక్కడ వేడెక్కి మండుతుంది. కరకరమని చప్పుడైతే ఎండిపోయింది.

పెట్టె మీద మన దేశ చట్టం ప్రకారం బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండాలి. 2016 నుంచి అది ప్రధాన ముఖాల్లో 85 శాతం మేర ఉండాలి. ఆ హెచ్చరిక లేకుండా మెరిసిపోతున్న పెట్టె దొంగదారిన వచ్చిందే. అది ఏ ఎండలో, ఏ లారీలో ఎన్నాళ్ళు ఉందో అమ్మేవాడికే తెలియదు. క్యూబా సిగార్లలో నకిలీలు చాలా ఎక్కువ. పైన అద్దం మూత ఉన్న పెట్టెలో 'క్యూబా' అని రాసి అమ్ముతుంటే ముట్టుకోకండి, అద్దం మూత పెట్టెలు నకిలీకి తిరుగులేని గుర్తు. 18 ఏళ్ళు నిండనివారికి అమ్మడం నేరం.

దాచడం

అసలు పని ఇక్కడుంది. సిగార్‌కి గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలని పుస్తకాల లెక్క. మన దగ్గర అవి రెండూ ఒకేసారి దొరికే నెల లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టినప్పుడు నెల్లూరులో పేపరు కూడా మెత్తబడుతుంది, సిగార్ ఉబ్బి పై ఆకు చిట్లుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొదిలి, కనిగిరి వైపు వడగాడ్పు కొడితే రెండు రోజుల్లో వడియంలా ఎండుతుంది. బల్ల మీదో బీరువాలోనో పెట్టి వదిలేయడం కుదరదు.

ఖరీదైన దేవదారు పెట్టె మొదట్లోనే అక్కర్లేదు. మన వాతావరణంలో దానికన్నా గట్టిగా పనిచేసేది రబ్బరు అంచు, నాలుగు వైపులా బిగించే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. కొత్త డబ్బాని సబ్బుతో కాకుండా వేడినీళ్ళతో కడిగి, రెండు రోజులు మూత తీసి ఉంచి ప్లాస్టిక్ వాసన పూర్తిగా పోనివ్వాలి. సిగార్ పెట్టెల్లో వచ్చే పల్చటి దేవదారు రేకులు ఉంటే అడుగున పరచండి. తేమ కోసం బొవేడా లాంటి ఉప్పు ద్రావణం పొట్లాలు దొరుకుతాయి. తేమ తక్కువైతే వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. 25 సిగార్లు పట్టే డబ్బాకి 60 గ్రాముల పొట్లం ఒకటి. ఇల్లు ఎప్పుడూ వేడిగా ఉండే మన దగ్గర తేమని 69 శాతం దగ్గర నిలిపే పొట్లం కన్నా 65 శాతానిది మేలు, ఎందుకంటే వేడి, తేమ రెండూ కలిస్తేనే బూజుకి పండగ. పొట్లం బిరుసెక్కితే మార్చేయాలి. తడి దూది, తడి స్పాంజి, బంగాళదుంప ముక్క లాంటి చిట్కాల జోలికి వెళ్ళకండి. అవి తేమని ఇస్తాయే గానీ ఆపలేవు, పది రోజుల్లో బూజు తెస్తాయి.

డబ్బాలో చిన్న డిజిటల్ తేమ మీటరు తప్పనిసరి. కొత్తగా కొన్నది నిజం చెబుతుందని నమ్మకండి, ఉప్పుతో పరీక్ష పెట్టాలి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేటన్ని నీటి చుక్కలు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. మూతనీ మీటరునీ గాలి చొరబడని జిప్ సంచిలో పెట్టి ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి. తడి ఉప్పు పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, వేడి అటూ ఇటూ అయినా పెద్దగా మారదు. మీటరు 71 చూపిస్తే అది 4 తక్కువ చెబుతోందని రాసి పెట్టుకోండి. ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో దొరికే రాళ్ళ ఉప్పయినా సరే, దంచి వాడితే చాలు.

తేమ తర్వాత పురుగు. వేలంలో కొన్న ఆకుని గోదాముల్లో తొలిచేసే ఆ ఎర్రగోధుమ రంగు సిగరెట్ పురుగే సిగార్లనీ తొలుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. గుడ్లు ఆకులోనే వస్తాయి. వేడి 24, 25 డిగ్రీలు దాటాక అవి పొదిగే ముప్పు మొదలవుతుంది, అంటే మన ఇళ్ళల్లో ఏడాదంతా. గుండుసూది దూరేటంత గుండ్రటి బెజ్జం, కింద సన్నటి పొడి కనిపిస్తే పురుగు పడ్డట్టే. ఇది ఎండుమిరపలోనూ పసుపులోనూ కూడా బతుకుతుంది. కాబట్టి ఏడాదికి సరిపడా మిరపకాయలు నిల్వ చేసే గదిలో సిగార్ డబ్బా పెట్టొద్దు.

పురుగుకి ఇంట్లో చేయగల మందు చలి ఒక్కటే. కొత్తగా తెచ్చిన సిగార్లని రెండు జిప్ సంచుల్లో, ఒకదానిలో ఒకటిగా, గాలి లేకుండా మూసి ముందు ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు, తర్వాత మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం మూడు రోజులు ఉంచండి. మాటిమాటికీ తలుపు తీసే ఇంటి ఫ్రీజరైతే వారం ఉంచడం నయం. మళ్ళీ కింది అరలో ఒక రోజు, ఆ తర్వాతే బయటికి. ఈ మెట్లు దాటేసి ఫ్రీజర్‌లోంచి నేరుగా ఎండలోకి తెస్తే పై ఆకు పగులుతుంది. సంచి లోపలి వేడి గది వేడితో సమానం అయ్యేదాకా విప్పకూడదు, లేకపోతే ఆకు మీద నీరు పడుతుంది. ఆ తర్వాత డబ్బాలో రెండు వారాలు కదపకుండా ఉంచాలి.

వేడిని పూర్తిగా 20కి దింపలేకపోయినా ఇంట్లో అన్నిటికన్నా చల్లటి మూల వెతకండి. పై మిద్దె కింద గది వద్దు, నేలమట్టపు గదిలో, ఉత్తరం గోడ వారన, నేలకి దగ్గరగా పెట్టండి. పొడిగాలి వీచే పడమటి ఊళ్ళల్లో బాగా మూసిన డబ్బాని మట్టికుండలో పెట్టి, కుండని తడి ఇసుకలో కూర్చోబెడితే కొన్ని డిగ్రీలు దిగుతుంది. తీరపు ఊళ్ళల్లో ఇది పనిచేయదు, గాలిలోనే తడి ఉంటే ఇసుకలోని నీరు త్వరగా ఆవిరి కాదు. ఫ్రిజ్‌లో డబ్బా లేకుండా పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని: ఆ గాలి ఆకుని ఎండబెడుతుంది, పైగా నిన్నటి చేపల పులుసు వాసన సిగార్‌కి ఎక్కుతుంది. బీరువాలో కలరా ఉండల పక్కన, పచ్చళ్ళ జాడీల పక్కన, ఇంగువ పక్కన కూడా వద్దు. పొగాకు ఏ వాసననైనా పట్టేస్తుంది, పట్టాక వదలదు.

ఎండిపోయిన సిగార్‌ని బతికించవచ్చు, కానీ తొందరపడకూడదు. ముందు 58 శాతం పొట్లంతో రెండు వారాలు, తర్వాత 62, ఆ తర్వాత 65. ఒక్కసారిగా తడిపితే లోపలి కూరుడు ఉబ్బి పై ఆకుని చీల్చేస్తుంది. పోయిన వాసన మాత్రం పూర్తిగా తిరిగి రాదు. తెల్లగానో పచ్చగానో నూగులాంటి బూజు కనిపిస్తే, ముఖ్యంగా అంటించే కొసలో, పారేయండి.

ముట్టించే ముందు

ఖాళీ కడుపుతో ఎప్పుడూ వద్దు. నికోటిన్ గబుక్కున ఎక్కి చెమటలు, తల తిరగడం, వికారం వస్తాయి. అలాగని చింతపండు పులుసు, గొడ్డుకారం తిన్న వెంటనే కూడా ఫలితం ఉండదు, నాలుక మొద్దుబారి ఉంటుంది. భోజనం అయ్యాక ముప్పావు గంట ఆగి, నీళ్ళు పుక్కిలించి కూర్చోండి. పక్కన మంచినీళ్ళు, చక్కెర తగ్గించిన చిక్కటి ఫిల్టర్ కాఫీ ఉంటే చాలు. తాటిబెల్లం కాఫీ దీనికి ఇంకా బాగా కలుస్తుంది. నెల్లూరు మలైకాజా కూడా బాగుంటుంది, కాకపోతే సగం ముక్కే. తీపి ఎక్కువైతే పొగ చేదెక్కినట్టు అనిపిస్తుంది.

చోటు మిద్దె మీద, పొద్దు గూకాక. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం, 200 రూపాయల దాకా జరిమానా. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున కూర్చుని కాల్చాలని చాలామందికి ఉంటుంది గానీ సముద్రపు గాలికి నిప్పు ఒక పక్కకే ఎర్రబడి, సిగార్ పొయ్యిలా మండుతుంది. పిట్టగోడ వారన గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నా అదే ఇబ్బంది.

కోయడం, అంటించడం

టోపీ ముక్క గుండ్రంగా వంపు తిరిగి ఒంటికి కలిసే చోట సన్నటి గీత కనిపిస్తుంది. కోత ఆ గీతకి ఎగువన, కొస వైపే పడాలి, కొస నుంచి రెండు మిల్లీమీటర్లు. గీత కిందకి దిగితే పై ఆకు కట్టు తెగిన చీపురులా విడిపోతుంది. రెండు బ్లేళ్ళ కట్టర్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, సిగార్‌ని దాని మీద నిలబెట్టి కోస్తే లోతు తప్పదు. ఒక్క విసురున కోయాలి, మెల్లగా నొక్కితే నలుగుతుంది. కూరగాయల కత్తి వద్దు, పళ్ళతో కొరకడం అసలే వద్దు. కోశాక నిప్పు లేకుండా ఒకసారి లాగి చూడండి. గాలి స్ట్రాలో కాఫీ లాగినంత సులువుగా రావాలి. బిగుతుగా ఉంటే ఇంకొక అర మిల్లీమీటరు కోయండి, అంతకన్నా కాదు.

గ్యాస్ నింపిన సిగరెట్ లైటరు మంచిది. పెట్రోలు లైటరు వాసన మొదటి పది దమ్ములూ వదలదు, మైనపు వత్తి కూడా అంతే. అగ్గిపుల్లయితే మందు భాగం పూర్తిగా కాలి కర్రకి అంటుకునేదాకా ఆగండి. సిగార్‌ని నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఏటవాలుగా పట్టుకుని, మంట మొన తగలకుండా, దాని వేడి మాత్రమే తగిలేలా కొసని నెమ్మదిగా తిప్పుతూ పదిహేను ఇరవై సెకన్లు కాచండి. అంచంతా నల్లబడి అక్కడక్కడా ఎరుపు కనిపించాక నోట్లో పెట్టుకుని, మంటని అర అంగుళం దూరంలో ఉంచి, తిప్పుతూ మూడు నాలుగు మెల్లటి దమ్ములు లాగండి. తీసి నిప్పు మీద మెల్లగా ఊదండి. ఎరుపు ముఖమంతా సమంగా వెలగాలి, చీకటిగా ఉన్న చోట మాత్రం మళ్ళీ కొంచెం కాచండి. ఈ ఒక్క నిమిషం ఓపిక తర్వాతి గంటని నిలబెడుతుంది. మంటలో ముంచి ఎడాపెడా లాగితే కొస బొగ్గయి ఆ చేదు సగం దాకా వెంటాడుతుంది.

కాల్చడం

నిమిషానికి ఒక దమ్ము, అంతే. పొగ నోట్లో నింపి, నాలుక మీద రెండు మూడు సెకన్లు తిప్పి వదలండి. అలవాటయ్యాక నోట్లో పొగ చాలావరకు వదిలేసి, మిగిలిన కాస్తని ముక్కులోంచి బయటికి పంపి చూడండి. మిరియాల ఘాటు, వేయించిన కాఫీ గింజ, కోకో, కొత్త తోలు, దేవదారు చెక్క, ఇవన్నీ ముక్కుకే దొరుకుతాయి, నాలుకకి తీపి, పులుపు, చేదు, ఉప్పు లాంటి రుచులే తెలుస్తాయి. మొదటి మూడోవంతు మెత్తగా ఉంటుంది. నడిమి భాగంలో సిగార్ అసలు గుణం బయటపడుతుంది. చివరికి వెళ్ళేకొద్దీ వెనక నిలిచిన తారు, నికోటిన్ కలిసి ఘాటెక్కుతుంది. మంచి సిగార్ ఇచ్చే సుఖం ఈ మార్పులోనే ఉంది, అందుకే కబుర్లలో పడి మరచిపోకుండా దానికి కొంచెం మనసు ఇవ్వాలి.

బూడిదని సిగరెట్‌లా తట్టకండి. రెండు సెంటీమీటర్లు పెరిగాక యాష్‌ట్రే అంచుకి ఆనించి తిప్పితే అదే రాలుతుంది. ఆ బూడిదే నిప్పుని చల్లగా ఉంచుతుంది.

ఒక పక్క వెనకబడి కాలుతుంటే ఆ పక్కని కిందికి తిప్పి రెండు నిమిషాలు వదలండి, నిప్పుకి కింది నుంచి గాలి బాగా అందుతుంది. అప్పటికీ సర్దుకోకపోతే లైటరుతో ఆ అంచు మాత్రం తగిలించండి. నడుమ కాలి అంచు మిగిలిపోతే గుల్ల పడిందన్నమాట, సాధారణంగా చాలా నెమ్మదిగా లాగడం వల్లో, పై ఆకు తడిసి ఉండడం వల్లో వస్తుంది. అంచుని కాచి కాస్త దగ్గర దగ్గర దమ్ములు లాగండి. పట్టుకున్న చోట వేడి తగిలి, పొగ మంటగా ఉంటే మీరు తొందరపడుతున్నారు, మూడు నిమిషాలు పక్కన పెట్టండి. మాటిమాటికీ ఆరిపోతుంటే తేమ ఎక్కువ ఉంది, మిగతా సిగార్లకి తక్కువ శాతం పొట్లం వేయాలి. ఆరినప్పుడు బూడిద దులిపి, సిగార్‌లోంచి బయటికి ఒకసారి ఊది నిలవ పొగ పోగొట్టాక మళ్ళీ కాచి అంటించండి. గంట దాటాక అంటిస్తే పాచి వాసనే వస్తుంది.

కళ్ళు తిరిగి, చల్లటి చెమట పడితే వెంటనే ఆపేయండి. కూర్చుని పంచదార కలిపిన నీళ్ళు మెల్లగా తాగితే చాలామందికి పావుగంటలో తేలికపడుతుంది. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరి రెండు అంగుళాల దగ్గర పొగ వేడిగా, చేదుగా మారితే అక్కడితో వదిలేయండి. నలిపి ఆర్పితే ఇల్లంతా ఘాటు వాసన. యాష్‌ట్రేలో పక్కకి పడుకోబెడితే దానంతట అదే ఆరుతుంది. ఆరాక ముక్కని నీళ్ళలో తడిపి పారేయండి. మన తీరంలో సరుగుడు తోపుల కింద ఎండు ఆకు ఎప్పుడూ అడుగు మందాన ఉంటుంది, వెచ్చటి ముక్క ఒక్కటి చాలు అంటుకోవడానికి.

కట్టర్ బ్లేళ్ళకి అంటిన జిగటని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. లేకపోతే ఉప్పుగాలికి నెలలో తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన బ్లేడు టోపీని కోయదు, చింపుతుంది.